పదకొండు మందీ గెలిచిన ఆట

పోయిన వారం యశోదను పత్తికొండ టమోటా మార్కెట్టు గేటు దగ్గర కారు దిగుతుండగా వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. కింద నలిగిన టమోటాల బురద, కాళ్లకు తెల్ల చెప్పులు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది, రెండో చేతిలో కొత్త పట్టుచీర పెట్టిన సంచి. ఆ చీర ఈరక్కకు. ఈరక్క ఎవరో, ఆమెకు పట్టుచీర ఎందుకో చెప్పాలంటే ముందు యశోద సభల్లో చెప్పే కథ ఒకటుంది, అది చెప్పాలి. కర్నూలు జిల్లాలో చేతిలో ఫోన్ ఉన్నవాళ్లలో సగం మంది దాన్ని విని కళ్లు తుడుచుకున్నారు. మిగతా సగం కోసం మళ్లీ చెబుతున్నాను.

యశోదకు అప్పుడు తొమ్మిదేళ్లు. కర్నూలు కాన్వెంటులో నాలుగో తరగతి. దసరా సెలవులకు తుమ్మలమిట్టకు వచ్చింది. వాళ్ల నాయన ఓబుళేశుకు అక్కడ పన్నెండెకరాల పత్తి. చేలో ఆమెకు పదకొండు మంది స్నేహితురాళ్లు. ఒకరోజు పొద్దున నాయన ఆమెను ఎత్తుకుని, "టౌను నుంచి చుట్టాలొస్తాండారు తల్లీ, వాళ్లతో దాగుడుమూతలు ఆడదామా? నీ స్నేహితుల్నందర్నీ మోటారు పక్క కొట్లో దాచిపెట్టు. వాళ్లు కనుక్కోలేకపోతే నీకు సైకిలు కొనిస్తా" అన్నాడు. యశోద పదకొండు మందినీ కొట్లో దాచి, బయట గొళ్లెం పెట్టి, గడప మీద కూర్చుని జామకాయ కొరుకుతూ కాపలా కాసింది. జీపులో చుట్టాలొచ్చారు. కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన "లోపల ఎవరున్నారు పాపా?" అని అడిగాడు. "కోళ్లున్నాయి" అంది. ఆయన నవ్వి, బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు. పదకొండు మందిలో ఒక్కరూ దొరకలేదు. పదకొండు మందీ గెలిచారు! "పెద్దవాళ్లు కూడా పనులు మానుకుని పిల్లలతో ఆడిన రోజులండీ అవి. ఆ బాల్యం మన పిల్లలకు ఏదీ?" అని అడిగి యశోద గొంతు సవరించుకుంటుంది. అక్కడ చప్పట్లు పడతాయి.

ఆ చప్పట్లే ఆమెను ఇంతదాకా తెచ్చాయి. కర్నూల్లో చిన్న పిల్లల బడి నడుపుకునే మనిషి, ఇప్పుడు నాయన పొలంలోనే 'చిన్ననాటి పల్లె' అని ఒకటి కట్టింది. మట్టిగోడలు, ఎద్దుల బండి, వామనగుంటలు, తొక్కుడుబిళ్ల, అన్నీ ఉన్నాయి. ఈ ఆదివారం ప్రారంభం. కర్నూలు నుంచీ బెంగళూరు నుంచీ నలభై మంది పిల్లలు దసరా సెలవులకు వస్తున్నారు, ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేసి పది రోజులు పాతకాలంలో బతకడానికి. యశోద వయసు ముప్పై మూడు. ఆమె మాట్లాడితే మాత్రం డెబ్భై ఏళ్ల ముసలమ్మ తన కాలం గురించి చెబుతున్నట్టు ఉంటుంది. ఆదివారం స్టేజీ మీద ఆ కథ చెప్పి, చివర్లో "ఆ పదకొండు మందిలో ఒకరు ఇక్కడే ఉన్నారు" అని ఈరక్కను చూపించాలని ఆమె ఆశ. నెల రోజుల నుంచి ఆ క్షణాన్నే తలుచుకుని మురిసిపోతోంది.

ఈరక్క మార్కెట్టు షెడ్డులో ఒక మూల గోనెపట్టా మీద కూర్చుని కాయలు ఏరుతోంది. ముందర ఒక గుట్ట. గట్టి కాయలు ఒక బాక్సులోకి, పండినవి ఇంకో బాక్సులోకి, పగిలినవి పక్కకి. ముప్పై ఆరేళ్ల మనిషి, చూస్తే యాభై అనిపిస్తుంది. తల ఎత్తి చూసింది గానీ చేతులు ఆపలేదు.

"ఈరక్కా! నన్ను గుర్తుపట్టినావా?"

"నిన్ను గుర్తుపట్టనోళ్లు ఎవురుండారు యశోదమ్మా! మా పాప ఫోన్లో దినామూ వస్తాండావు."

యశోద మొహం విప్పారింది. ఖాళీ బాక్సు ఒకటి బోర్లించుకుని కూర్చుంది. చీర సంచి తెరిచి అంచు చూపించింది. ఆదివారం సంగతి, స్టేజీ సంగతి, కారు పంపే సంగతి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నువ్వేం మాట్లాడాల్సిన పని లేదు ఈరక్కా. నా పక్కన వచ్చి నిలబడితే చాలు. ఇన్నేండ్ల స్నేహం మనది."

"స్నేహమా," అంది ఈరక్క. ఒక కాయను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేసింది. "అట్లయితే ఆ పదకొండు మంది పేర్లు చెప్పు."

యశోద నవ్వుతూనే మొదలుపెట్టింది. "నువ్వు. మీ చెల్లెలు మద్దమ్మ. ఇంక... ఒకమ్మాయికి ముక్కుపుడక ఉండేది, చూడు..." వేళ్లు రెండు దగ్గరే ఆగిపోయాయి. "ఇన్నేళ్లయింది కదా," అంది.

"నాకు పదకొండూ తెల్సు. కాయలేరుకుంటా చెప్పమన్నా చెప్తా. సరే, ఇది చెప్పు. మేం మీ చేలో ఏం చేస్తాంటిమి?"

"పూలాట ఆడేవాళ్లం కదా! తలా ఒక సాలు పట్టుకుని, ఎవరు ముందు అయిపోగొడితే వాళ్లకు నాయన రిబ్బన్ ఇచ్చేవాడు. మద్దమ్మే ఎక్కువ గెలిచేది. నాకు ఏడుపొచ్చేది కూడా."

ఇక్కడ ఆ పూలాట ఏమిటో నేను చెప్పాలి, ఎందుకంటే యశోద కథలో అది ఎప్పుడూ ఉండదు. ఓబుళేశు వేసింది మామూలు పత్తి కాదు, విత్తనాల పత్తి. మధ్యాహ్నం పూట ఒక రకం చెట్టు మీది మొగ్గను గిల్లి, రేకులూ పుప్పొడీ తీసేసి, ఎర్రకాగితం చుట్టి పెట్టాలి. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఒక్కో మొగ్గకూ ఇదే తంతు. వేల మొగ్గలు, నాలుగు నెలలు. క్రాసింగ్ అంటారు దీన్ని. చెట్టు పిల్లల ఎత్తులోనే ఉంటుంది, సన్నటి వేళ్లయితే మొగ్గ నలగదు. అందుకని ఆ రోజుల్లో విత్తనాల చేలల్లో కనిపించేది పిల్లలే, అందులోనూ ఆడపిల్లలే. బడి ఈడు పిల్లలు.

"ఆట!" అంది ఈరక్క. గొంతు పెంచలేదు. "నువ్వు సెలవులకు వస్తే మీ నాయనకు పండగ. నిన్ను మా సాలు పక్కన నిలబెట్టేటోడు. చిన్నపాప కూడ్క ఇంత బిరబిరా చేస్తాంది, మీకేమొచ్చింది అనేటోడు. నీ ముందర నామోషీ అయితాదని మేం ఉరికేటోళ్లం. నువ్వు అలిసిపోయి జామచెట్టు కిందికి పోతాంటివి. మేం పొద్దుగూకేదాకా అదే ఉరుకు. నువ్వు కర్నూలుకు ఎల్లిపోయినాక కూడ్క అదే ఉరుకు. ఒకసారి అంత చేసినోళ్లు మళ్లా తక్కువ చేస్తే ఊరుకుంటారా?"

యశోదకు ఎక్కడో చురుక్కుమంది గానీ దాన్ని లోపలికి రానివ్వలేదు. పెద్దింటి పిల్లలకు ఈ విద్య చిన్నప్పుడే వస్తుంది. "నాయన మీకందరికీ అన్నం పెట్టేవాడు ఈరక్కా. పండక్కి బట్టలు కూడా..."

"పెట్టినాడు. లేదంటినా? ఆ దాగుడుమూతల పొద్దు సంగతి చెప్తాండా, ఇను. నీకు వచ్చినోళ్లు చుట్టాలు. పిల్లోల్లతో పని చేపిస్తాండారని ఎవురో అర్జీ పెడితే చూసేకి వచ్చినోళ్లు వాళ్లు. పొద్దున్నే మీ నాయనకు కబురందింది. మమ్మల్ని ఇండ్లకు తరిమితే దారిలో జీపుకు ఎదురుపడతామని కొట్లో తోసినాడు. తోసింది ఆయన, ఆట అని చెప్పింది నువ్వు."

యశోద నవ్వింది. అది నవ్వు కాదని ఆమెకే తెలిసి మధ్యలో ఆపేసింది. "ఎవరు చెప్పారు నీకిదంతా?"

"ఎవురు చెప్పేదేముంది? నాకు పన్నెండేండ్లు. దొరికితే పట్టుకోని హాస్టల్లో ఏస్తారు, అమ్మానాయన్ల మొగం చూడనీరని మా అందరికీ ముందే చెప్పి పెట్టినారు. నువ్వొకదానివే ఆట అనుకున్యావు. ఆ కొట్లో ఏముండేదో యాపొద్దైనా చూసినావా?"

"పాత సామాన్లు."

"పురుగుమందు. డబ్బాలు, కారిపోతాండే డ్రమ్ములు, మందు కొట్టే పంపులు. పైన రేకులు. కిటికీ ల్యా. గోడకు పైన ఇంత కంత," అని ఈరక్క మొదటిసారి చేతులు కాయల మీది నుంచి తీసి, అరచెయ్యంత కొలత చూపించింది. "పొద్దు బారెడెక్కినప్పుడు పెట్టినారు. అంతకు ముందే తెల్లారుజామున చేలో మందు కొట్టింటిరి. ఆకులు ఆరకముందే మమ్మల్ని దింపినారు. మా మద్దమ్మకు అప్పటికే తల తిరుగుతాంది. కొట్లోకి పోయినాక కక్కుకునింది. నీళ్లు అడిగింది. లేసి పోయి తలుపు కొట్టింది. నువ్వు బయట నుంచి ఏమంటివో గుర్తుండాదా?"

గుర్తుంది. గుర్తుండకపోవడం ఏమిటి, కథలో అది కూడా ఉంది. లోపల నుంచి తలుపు చప్పుడైతే చిన్నారి యశోద గొళ్లెం మీద చెయ్యి వేసి, "ష్! సద్దు చేస్తే ఔట్!" అంటుంది. ఆ మాట ఆమె వేలు పెదాల మీద పెట్టుకుని అచ్చం చిన్నపిల్ల గొంతుతో చెబుతుంది. జనం పగలబడి నవ్వేది అక్కడే.

"సద్దు చేస్తే ఔట్," అంది యశోద, తనకు తెలియకుండానే.

"ఆ. నేను మద్దమ్మను ఎనక్కి లాక్కోని ఒళ్లో పండబెట్టుకోని నోరు మూసినా. అది గింజుకునింది. ఇంగా గట్టిగా మూసినా. బయట ఆయప్ప నిన్ను అడిగేది ఇనపడతాంది, నువ్వు కోళ్లంటివి. సచ్చినా సద్దు రాగూడదని మూసినా. గొళ్లెం నీది యశోదమ్మా, నోటి మీద చెయ్యి నాది. నేను నిన్నొకదాన్నే అనడం ల్యా."

షెడ్డులో ఎవరో కాయలు కుమ్మరించారు. యశోద ఉలిక్కిపడింది. "కానీ నేను... జీపు వెళ్లిపోగానే తీసేశాం కదా?"

"యాడ తీసినావు? నువ్వు జీపెక్కి ఊర్లోకి పోతివి. మీ ఇంట్లో ఆ జీపోళ్లకు నాటుకోడి కూర, రాగిసంగటి. తిని, పండుకోని, మాపుసార గాని వాళ్లు పోలేదు. మీ మోటారు కాడ మనిషికి తీసే ధైర్యం ల్యా. దూరం కయ్యలో కలుపు తీస్తాండే మాయమ్మకు ఎవురో చెప్తే, ఉరికొచ్చి ఆమె తీసింది. పదిమందిమి మా కాళ్ల మీద బయటికి వస్తిమి. దాన్ని మాయమ్మ ఎత్తుకొచ్చింది. మూడో దినం పోయింది. జరం అని చెప్పమన్నారు, జరం అనే చెప్తిమి."

యశోదకు జీపు గుర్తొచ్చింది. ముందు సీట్లో, కళ్లద్దాలాయన ఒళ్లో కూర్చుని హారన్ కొట్టింది తనే. ఆ హారన్ కూడా ఆమెకు ఇష్టమైన జ్ఞాపకాల్లో ఒకటి. మద్దమ్మ గురించి మరుసటి సెలవుల్లో అడిగితే, బళ్లారిలో వాళ్ల అత్త ఇంటికి పోయిందని ఇంట్లో చెప్పారు. ఆమె ఇన్నాళ్లూ మద్దమ్మను బళ్లారిలోనే ఉంచింది. అక్కడే పెళ్లి చేసింది, పిల్లల్ని కూడా ఇచ్చింది. ఎప్పుడైనా బళ్లారి వెళ్తే వెతకాలి అనుకునేది కూడాను.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు ఈరక్కా?"

"ఎవురికి చెప్పల్ల? నీకా? నువ్వు అడిగింటే గదా. ఇప్పుడు కూడ్క నువ్వు అడిగేకి రాలేదు, పిలుచుకపోయేకి వచ్చినావు." ఈరక్క నిండిన బాక్సును కాలితో పక్కకు జరిపి ఖాళీది లాక్కుంది. "నేను చెప్పకుండా ఉండేదాన్నే. సచ్చినోళ్లను లేపి ఏం చేసేది అనుకుంటి. మా శివాని పదైదు దినాలుగా బడికి పోతలేదు. నీ కాడికే పోతాంది. తెల్సా?"

శివాని ఈరక్క కూతురు, ఏడో తరగతి. పట్నం పిల్లలకు పాత ఆటలు నేర్పడానికి యశోద ఊళ్లో పన్నెండు మంది ఆడపిల్లల్ని ఎంచింది, అందులో శివాని ఒకతె. రెండు వారాలుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పావడాలు కట్టించి వాళ్లకు తొక్కుడుబిళ్లా అచ్చనగాయలూ అభ్యాసం చేయిస్తున్నారు.

"అందరికీ బట్టలిచ్చాం. టిఫిన్ పెడుతున్నాం. పిల్లలు సంతోషంగా..."

"ఇంటికొచ్చి నాతో ఏం చెప్పిందో ఇను. అమ్మా, మేం గెలవగూడదంట, పట్నం పిల్లోల్లు ఓడిపోతే ఏడుస్తారంట, మేమే కావాలని ఔట్ అయిపోవల్లంట అనింది. ఎవురు చెప్పినారు ఆ మాట?"

ఆ మాట యశోదే చెప్పింది. మొన్న మంగళవారం, పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎంతో ముద్దుగా చెప్పింది. వచ్చేవాళ్లు మన అతిథులు, అతిథుల్ని మనం గెలిపించాలి అని. చెప్పాక తన మంచితనాన్ని తనే మెచ్చుకుంది కూడా.

"మా యమ్మ కూతుర్లు నీతో ఆడిరి. నా కూతురు నీ గిరాకీలతో ఆడతాంది. చాలు, ఇంగ. రేపటి నుంచి అది బడికి పోతాది."

వ్యాపారి మనిషి దూరం నుంచి కేకేశాడు. "ఈరక్కా! లారీ నిలబడిండాది, బిరీన కానీ!" ఈరక్క లేచి నడుముకు చేతులు ఆనించి వెనక్కి వంగింది. చీర సంచి యశోద వైపు మోచేత్తో నెట్టింది. "తీసుకోనిపో, మరకలైతాయి. ఆదివారం నేను వస్తా. చీరొద్దు, కారొద్దు, నా అంతకు నేనే వస్తా. ఒకటే మాట. పదకొండు మంది దాంకున్యారు, పదిమంది బయటికి వచ్చినారు, లోపల మిగిలింది మద్దమ్మ అని అందరి ముందర చెప్తావా? చెప్పేటట్లుంటే మా పాపతో కబురంపు. నీ పక్కనే నిలబడతా. లేదంటే ఆ కథను ఇంగ యాడా చెప్పొద్దు. మద్దమ్మను సద్దు చేయనియ్యకుండా నేనొకసారి నోరు మూసినా. మళ్లా నువ్వు మూస్తాండావు, నవ్వుకుంటా."

ఆమె బాక్సు ఎత్తుకుని లారీ వైపు వెళ్లిపోయింది. యశోద బోర్లించిన బాక్సు మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మొదట ఈరక్క మీద వచ్చింది, ఇంత హాయిగా ఉన్న దాన్ని ఇలా పాడు చేసిందే అని. మనుషులం అంతే, చచ్చిన పిల్ల కంటే చెడిన జ్ఞాపకం ముందు నొప్పి పెడుతుంది. ఆ సంగతి తనకే అర్థమయ్యాక మాత్రం యశోద అక్కడ కూర్చోలేకపోయింది.

తుమ్మలమిట్ట అరగంట దారి. ఆ అరగంటా ఆమె నాయన తరఫున వాదించుకుంటూ వచ్చింది. ఈరక్క చిన్నపిల్ల అప్పుడు, తప్పుగా గుర్తుండొచ్చు. కొట్లో మందులు ఉన్నాయో లేదో. జ్వరమే వచ్చిందేమో. కారు 'చిన్ననాటి పల్లె' గేటు దాటేసరికి సగం గెలిచింది కూడా.

మోటారు పక్క కొట్టు దగ్గర పెయింటర్ గోపన్న నిచ్చెన ఎక్కి ఉన్నాడు. ఆ కొట్టును పోయిన నెల యశోదే బాగు చేయించింది. గోడలకు సున్నం, ఎర్రమన్ను, ముగ్గులు. తలుపు పైన 'దాగుడుమూతల గది' అని గోపన్న పసుపు రంగుతో రాస్తున్నాడు. ఆదివారం పట్నం పిల్లలు దాక్కోవలసింది ఇందులోనే.

"గోపన్నా, నేను లోపలికి పోతాను. బయట గొళ్లెం పెట్టు."

"ఏమిటికమ్మా?"

"పెట్టమంటున్నాను కదా. నేను పిలిచినప్పుడు తియ్యి."

గోపన్న దిగి గొళ్లెం పెట్టాడు. యశోద లోపల నిలబడింది. ఇన్నేళ్లలో ఆ గదిలో తలుపు మూసి ఉండగా తను ఎప్పుడూ లేదు. పైన అవే రేకులు. మిట్టమధ్యాహ్నం. గోడకు పైన అరచెయ్యంత కంత, అందులోంచి ఒక వెలుతురు ముక్క. కొత్త సున్నం వాసన. కాసేపటికే వీపు తడిసిపోయింది. ఊపిరి గట్టిగా పీల్చినా సరిపోవడం లేదు. ఇందులో తను ఒక్కతే ఉంది. డబ్బాలు లేవు, డ్రమ్ములు లేవు, పక్కన పది మంది పిల్లలు లేరు, నోటి మీద ఎవరి చెయ్యీ లేదు. పిలుద్దాం అనుకుంది. ఇంకొంచెం సేపు చూద్దాం అనుకుని గోడకు ఆనుకుంది.

బయట పెద్ద కేక వినిపించింది. "ఎవుర్రా గొళ్లెం పెట్టింది? లోపల పాప ఉండాదంటివే! తీయ్ రా, తీయ్!"

తలుపు దడాలున తెరుచుకుంది. ఎదురుగా ఓబుళేశు. డెబ్భై దగ్గర పడిన మనిషి, చేతికర్ర కింద పడేసి పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. కూతురి రెక్క పట్టుకుని బయటికి లాగి, తుండుతో ఆమె మొహం తుడిచాడు. "నీకేమన్నా పిచ్చా తల్లీ? ఈ ఎండకు ఆ రేకుల కింద గాలాడదు. గడియ సేపుంటే మనిషి మిగలడు, తెల్దా నీకు?"

"నీకు తెలుసా నాయనా?"

ఓబుళేశు తుండు ఆపాడు.

యశోద గోపన్నను టీ తాగి రమ్మని పంపించింది. అతను మలుపు తిరిగేదాకా ఆగింది. "మద్దమ్మ ఎట్ల చచ్చిపోయింది?"

"యా మద్దమ్మ?"

"ఈరక్క చెల్లెలు," అంది యశోద. ఓబుళేశు వంగి చేతికర్ర తీసుకున్నాడు, మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడిలా కనిపించడు, అదే ఇబ్బంది. తెల్లటి పంచె, నుదుట విభూది, కూతుర్ని చూస్తే కరిగిపోయే కళ్లు.

"ఈరక్క కాడికి పోయింటివా," అన్నాడు. "ఆ కాలం అట్లాంటిది తల్లీ. ఈ చుట్టుపక్కల విత్తనాల పత్తి ఏసిన ప్రెతి ఒక్కడూ అట్లనే చేసినాడు. నా చేను వల్ల ఊర్లో ఎన్ని పొయ్యిలు వెలిగినాయో వాళ్లనే అడుగు. ఆ పాపకు ఒళ్లు బాగలేదు, దానికి రాసిపెట్టింది అంతే. నేనేమన్నా కావాలని..."

"అది కాదు నేను అడిగేది." దారి పొడుగునా నాయన తరఫున వాదించినప్పుడు ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమెకు జవాబు దొరకలేదు. దాన్నే అడిగింది. "నువ్వు పక్కనే ఉన్నావు కదా. వాళ్లను లోపలికి తోసింది నువ్వే కదా. గొళ్లెం నువ్వెందుకు పెట్టలేదు? నాతో ఎందుకు పెట్టించినావు?"

ఓబుళేశు కూతురి మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు ఆమె మార్కుల కాగితం తెచ్చి ఇస్తే అలాగే చూసేవాడు, తెలివైన పిల్ల అని మురిసిపోతూ.

"నేను పెట్టి దొరికింటే కేసు తల్లీ. నువ్వు పెడితే ఆట. ఆ కండ్లద్దాలాయప్ప తలుపు తీసి చూసినా, పిల్లోల్లు దాగుడుమూతలు ఆడుకుంటాండారు సార్ అని నవ్వేటోన్ని. నా నోట వస్తే నమ్ముతాడా వాడు? తొమ్మిదేండ్ల పాప నోట కోళ్లు అని వచ్చింది, నమ్మినాడు. ఆ పొద్దు ఈ ఇంటిని నువ్వే నిలబెట్టినావు. ఆ మాట నీతో యాపొద్దూ చెప్పలేదు గాని, మనసులో ఎన్నిసార్లు అనుకున్యానో."

యశోద అరుగు స్తంభం పట్టుకుంది. ఆ మాటల్లో పశ్చాత్తాపం ఉంటే ఆమె ఏమన్నా చేసుకోగలిగేది. ఆయన గొంతులో ఉన్నది ప్రేమే. ఇరవై నాలుగేళ్లుగా ఆమెను పెంచిన ప్రేమ.

"ఆదివారం ఇదంతా చెప్తాను," అంది. "స్టేజీ మీదే చెప్తాను. ఈరక్కను పక్కన నిలబెట్టుకుని, పది మందే బయటికి వచ్చారని చెప్తాను."

ఓబుళేశుకు కోపం రాలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి, గడ్డం ఆనించి, కూతురు చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే సరిదిద్దినంత ఓపిగ్గా అడిగాడు.

"చెప్పు తల్లీ. నీ స్టేజీ, నీ నోరు, నేను వద్దంటానా? అంతమందిలో ఎవురో ఒకరు లేసి, ఆ పొద్దు గొళ్లెం పెట్టింది ఎవురు అని అడుగుతారు గదా. అప్పుడు ఎవురి పేరు చెప్తావు?"